ఎనిమిదడుగుల చక్రం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆవిరి ఇంజన్ల వ్యాసం చదివి చాలా సంతోషించాను. అయితే ఇంగ్లండ్‌లోని స్టిర్లింగ్ సింగిల్ అనే రైలు ఇంజన్ గురించి ‘చక్రం పెద్దది కాబట్టి బలం ఎక్కువ’ అని రాశారు. అది తప్పు. చక్రం పెద్దదైతే పెరిగేది వేగం, లాగే బలం కాదు.

పిస్టన్‌ను ఒక హద్దు దాటి వేగంగా ఆడించడం ఆ రోజుల్లో కష్టం. అందుకే ఆ ఇంజన్‌ను రూపొందించిన ఇంజనీరు ప్యాట్రిక్ స్టిర్లింగ్ 1870లో ఎనిమిదడుగుల చక్రం పెట్టారు. పిస్టన్ ఒకసారి ముందుకూ వెనక్కూ ఆడితే చక్రం ఒక్క చుట్టు తిరిగి, ఇంజన్ దాదాపు 25 అడుగులు ముందుకెళ్తుంది. నడిపే చక్రాలు ఒక్క జతే, వాటిని ఇంకో జతతో కలిపే రాడ్లు లేవు, రాపిడి తక్కువ. 1895 దాకా ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్ రైల్వే వర్క్‌షాపులో ఇలాంటివి 53 ఇంజన్లు కట్టారు. ఆ ఏడాదే రైల్వే కంపెనీలు లండన్ నుంచి స్కాట్లండ్‌కు పోటీపడి రైళ్లు పరుగెత్తించినప్పుడు దారిలో ఉన్న యార్క్ ఊరి దాకా లాగింది ఇవే.

తర్వాత రైళ్లు బరువెక్కాయి. ఒక్క జత చక్రాలకు పట్టాల మీద పట్టు చాల్లేదు, బయల్దేరేటప్పుడు జారేవి.

మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు యార్క్ రైల్వే మ్యూజియంలో వీటిలో ఒకటో నంబరు ఇంజన్ చూశాను. ఆకుపచ్చ రంగు. పక్కన నిలబడితే ఇరుసే నా ఛాతీ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

దయచేసి సవరణ వేయండి. పిల్లలు ఆ పేజీలు కత్తిరించి దాచుకుంటారు.

– ఒక రిటైర్డ్ లోకో ఫిట్టర్, కాజీపేట