వానలో కొండెక్కొచ్చాను, ఈసారి నువ్వూ రావాలి

ఒరేయ్,

ఎలా ఉన్నావు? ఆదివారం నీ ఫోన్ ఎత్తలేదని అలిగావని తెలుసు. ఆ టైంకి నేను కొండ మీద ఉన్నానురా, మబ్బు లోపల. తిరిగి ఫోన్ చేద్దామనుకున్నాను కానీ ఇది ఐదు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

"వర్షంలో కొండెక్కడం ఏంట్రా, జారిపడటానికా?" అని నువ్వు ఎన్నిసార్లన్నావో. నాకూ అదే భయం ఉండేది. వెళ్లొచ్చాక మాత్రం ఒకటి తెలిసింది. మనం జారడం గురించే ఆలోచిస్తాం కానీ వానలో కొండ మీద ముందు చూసుకోవాల్సింది చలి.

మొదటి నుంచి చెప్తాను. ముగ్గురం వెళ్లాం. మాలో ఒకడికి కొండలు బాగా అలవాటు, దారి ఎంచింది వాడే. రానూ పోనూ 10 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 300 మీటర్లు. బాట స్పష్టంగా ఉంటుంది, ఎక్కడా వాగు దాటే పని లేదు. వానాకాలంలో వాడు అన్నిటికంటే ముందు చూసేది ఇదేనట. పొద్దున చీలమండ దాకా ఉన్న వాగు పైన వాన పడితే సాయంత్రానికి నడుము దాకా రావచ్చు, అప్పుడు అవతలి ఒడ్డున చిక్కుకుపోతాం. ఉరుములు పడే సూచన ఉంటే అసలు బయల్దేరేవాళ్లం కాదు. మామూలు వాన అని చూసుకున్నాకే కదిలాం.

టైం లెక్క కూడా వాడే వేశాడు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన పద్ధతి ఒకటుంది. 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. దాని ప్రకారం మాకు రెండున్నర గంటలు పట్టాలి. కానీ అది ఆగకుండా నడిచే అలవాటున్నవాళ్లకి. మేమిద్దరం కొత్తవాళ్లం, పైగా బాటంతా బురద, అందుకని ఐదు గంటలు పెట్టుకున్నాం. సరిగ్గా అంతే పట్టింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే మాట అనుకున్నాం. ఆ ఒక్క మాట వల్ల దారిలో ఎంత నిశ్చింతగా ఉందో చెప్పలేను. "ఇంకాస్త వెళ్దామా, వద్దా" అనే వాదనే రాలేదు.

బయల్దేరినప్పుడు సన్నటి తుంపర. సగం దూరం వెళ్లేసరికి జడివాన. కిందికి చూస్తే మైదానం మీద ఎండ కనిపిస్తోంది! గాలి కొండకి తగిలి పైకి లేస్తుంది కదా, లేచేకొద్దీ చల్లబడి అందులోని ఆవిరి మబ్బవుతుంది, అక్కడే కురుస్తుంది. అందుకే కింద ఆకాశం చూసి పైన వాతావరణం చెప్పలేం.

ఆ వానలో అడవి ఎలా ఉందంటే... ఆకుల మీద పడే చినుకుల చప్పుడు ఒక్కో చోట ఒక్కోలా వినిపిస్తుందిరా. వెడల్పాకుల కింద టపటపా, గడ్డిలో సన్నగా. మబ్బు చెట్ల మధ్యలోకి దిగి, ముందు నడిచేవాడు పది అడుగుల్లో మాయమయ్యేవాడు. మాటలు వాటంతటవే ఆగిపోయాయి. నువ్వు పక్కన ఉంటే బాగుండేదని అక్కడే అనిపించింది.

ఇక చలి సంగతి. నేను కాటన్ చొక్కా వేసుకెళ్లాను. రెయిన్‌కోట్ ఉందిగా అనుకున్నాను, కానీ ఎక్కేటప్పుడు పట్టే చెమటకే లోపలంతా తడిసిపోయింది. నడుస్తున్నంతసేపూ ఏమీ తెలియలేదు. పైకి చేరి కూర్చున్న ఐదు నిమిషాలకి వణుకు మొదలైంది. వేళ్లు బిగుసుకుపోయి బ్యాగు జిప్పు తీయలేకపోయాను. ఎత్తు వల్ల తగ్గేది పెద్ద వేడేమీ కాదు, 1,000 మీటర్లకి సుమారు 6.5 డిగ్రీలు, అంటే మాకు రెండు డిగ్రీలు. కానీ తడి బట్ట మీద గాలి తగిలితే ఒంట్లో వేడిని లాగేస్తుంది. మా వాడు వెంటనే తడి చొక్కా విప్పించి, ప్లాస్టిక్ కవర్లో దాచి తెచ్చిన పొడి చొక్కా తొడిగించాడు. ఏదో ఒకటి తినమని, లేచి నడవమని వెంటపడ్డాడు. పది నిమిషాల్లో కుదురుకున్నాను. వణుకు మొదలవగానే చూసుకోవాలట, మాట తడబడేదాకా వస్తే అది ప్రమాదం. కాటన్ వద్దురా, జీన్స్ అసలే వద్దు. త్వరగా ఆరే పాలిస్టర్ టీషర్టు చాలు.

పై నుంచి ఏం కనిపించింది అని అడుగుతావు. దాదాపు ఏమీ లేదు, తెల్లగా మబ్బు. ఒక్కసారి మాత్రం గాలికి పక్కకి జరిగి, లోయ మొత్తం తడి పచ్చదనంతో బయటపడింది. బహుశా అర నిమిషం. ముగ్గురం లేచి నిలబడిపోయాం.

దిగడమే కష్టం. తడి రాయి కంటే తడిసిన చెట్ల వేర్లు ఎక్కువ జారతాయి, వాటి మీద అడుగు వేయకుండా దాటేయాలి. నేను రెండుసార్లు కూలబడ్డాను, రెండుసార్లూ వేరు మీదే. తర్వాత నుంచి మోకాళ్లు కాస్త వంచి, చిన్న చిన్న అడుగులతో, పాదం మొత్తం ఆనించి దిగాను. చేతిలో కర్ర ఉంటే సగం భయం పోతుంది. బురద ఉందని బాట పక్కన గడ్డి మీద నడవాలనిపిస్తుంది, అలా చేస్తే బాట వెడల్పై నేల కోసుకుపోతుంది. బురదలోంచే నడువు, షూస్ కడుక్కోవచ్చు.

ఒక విజిల్, ఒక టార్చ్ కూడా బ్యాగులో పడేసుకో. నిమిషానికి ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదితే సాయం కావాలని అర్థం. కొండలెక్కేవాళ్లు చాలామందికి అది తెలుసు. మాకు అవసరం పడలేదు, కానీ జేబులో ఉంటే ధైర్యం.

వచ్చే నెల మళ్లీ అదే దారిలో వెళ్తున్నాం. నీ మోకాలి నొప్పి గురించి మా వాడితో మాట్లాడాను, సగం దాకా వెళ్లి తిరిగొద్దాం, నీతో పాటు నేనూ దిగిపోతాను అని చెప్పాను. వాడు సరే అన్నాడు. ముందు నువ్వొక పని చెయ్. నీ షూస్ తిరగేసి అడుగు భాగం ఫోటో తీసి పంపు. అడుగున గాడులు అరిగిపోయి ఉంటే అవి పనికిరావు, వేరేవి చూద్దాం.

నీ
నేను