మా ఇంటి పుస్తకాల అలమరని నిలబెట్టిన వాళ్ళకి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. వాయుగుండం వానలకి నెల్లూరులో మా పల్లపు వీధిలోకి నీళ్ళొచ్చి, అమ్మానాన్నల పుస్తకాల అలమరలో కింది రెండు అరలూ మునిగాయి. చెయ్యి వేసిన ప్రతి ఒక్కరికీ ఇంటిల్లిపాదీ నమస్కారాలు చెప్పుకుంటున్నాం. ఏ పని ఎందుకు చేశారో కూడా రాస్తున్నాం. అది తెలిస్తే వచ్చే కార్తీకంలో ఇంకొకరింటి పుస్తకాలు దక్కుతాయి.

ముందుగా, గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మేడమ్ గారికి. ఒక్క పుస్తకం కదపకముందే ఆవిడ ప్రతి అరనీ ఎడమ నుంచి కుడికి ఫోటోలు తీయించారు. అరకో అంకె, పుస్తకానికో అంకె వేసి, చీటీలన్నీ పెన్సిల్‌తోనే రాయించారు. పెన్ను సిరా తడికి పాకుతుంది, పెన్సిల్ గీత చెదరదు. పుస్తకాల మధ్య దొరికిన ప్రతి వస్తువుకీ పేజీ అంకెతో సహా చీటీ రాశారు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం ముందు తీసుకున్న ఫోటో, బస్సు టికెట్లు, ఎండిన పొగడపూలు, ఇన్‌లాండ్ లెటర్లు, ధాన్యం కాటా చీటీ, అన్నీ అలాగే. ‘2-14-113’ అని ఉంటే రెండో అర, పద్నాలుగో పుస్తకం, 113వ పేజీ అని అర్థం. మా కళ్ళకి ఇదే అన్నిటికంటే పెద్ద సాయం. పొగడపూలు ఎక్కడైనా దొరుకుతాయి. నాన్న వాటిని ఏ పద్యం దగ్గర పెట్టుకున్నారన్నది మాత్రం ఆ పేజీకే తెలుసు. పువ్వుల్లోని ఆమ్లం కాగితం మీద మచ్చ వేస్తుంది కాబట్టి వాటిని బటర్ పేపర్ కవర్లలోకి మార్చి, వాటి చోట చీటీ ఉంచారు.

తరువాత, స్టోన్‌హౌస్‌పేట బైండింగ్ పెద్దాయనకి. తడిసిన పుస్తకాలు ఉబ్బి, అరలో గట్టిగా బిగుసుకుపోతాయి. వీపు (కుట్టు ఉన్న అంచు) పైభాగం పట్టుకుని లాగితే అట్ట ఊడి చేతికొస్తుంది. ఆయన అర చివరి చెక్క మేకులు వదులు చేసి, చోటు కలిగాక ఒక్కోటీ రెండు చేతులతో తీశారు. “నోరు తెరవబాకండి, మూసిపెట్టే కడగండి” అని అందరికీ చెబుతూనే ఉన్నారు. బురద పట్టిన పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకుని మంచినీళ్ళ తొట్టిలో ముంచాలి. తెరిస్తే బురద పేజీల్లోకి పోతుంది. సిరా పెన్నుతో రాసిన నోటు పుస్తకాలు మాత్రం కడక్కూడదు.

తడి పుస్తకాలకి రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. అన్నిటినీ ఆ లోపల ఆరబెట్టడం ఎవరి వల్లా కాదు. ఇక్కడ ఆదుకున్నది రొయ్యల కోల్డ్ స్టోరేజీ నడిపే అన్న. మైనస్ 18 డిగ్రీల గదిలో ఒక మూల ఇచ్చారు. బూజు అక్కడ చావదు గానీ పెరగడం ఆగిపోతుంది, మనకి వ్యవధి దొరుకుతుంది. ఒక్కో పుస్తకాన్నీ బటర్ పేపర్‌లో చుట్టి, వాసన పట్టకుండా పాలిథిన్ కవర్లో పెట్టి, రొయ్యల ట్రేలలో వీపు కిందికి ఉండేలా ఒకే వరసగా పేర్చారు. రంగుల బొమ్మలున్న నున్నటి ఆర్ట్ పేపర్ పుస్తకాలే మొదట లోపలికి వెళ్ళాయి. ఆ కాగితం మీది పూత ఆరేటప్పుడు బంకలా పట్టేసి పుస్తకమంతా ఒకే దిమ్మ అవుతుంది, ఆపైన విడదీయలేం. ఒక్కరోజులో ఆరబెట్టగలిగినన్నే బయటికి తీయాలని ఆ అన్నే గుర్తుచేస్తున్నారు.

మేడ మీద ఆరబోసిన డిగ్రీ పిల్లలకి ఎన్ని చెప్పినా తక్కువే. అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింట్‌ని ఇరవై ఆకులకొకటి చొప్పున పెట్టి, రెండు మూడు గంటలకోసారి మార్చారు. మధ్యలో పెట్టిన కాగితాల మందం పుస్తకం మందంలో పావు వంతు దాటితే కుట్టు తెగుతుంది. ఫ్యాను గాలి గదిలో తిరగాలే గానీ నేరుగా పేజీల మీద కొట్టకూడదు. ఎండలో పెడదామని చాలామంది అన్నారు, మేడమ్ ఒప్పుకోలేదు. ఎండకి అట్టలు వంకర్లు పోతాయి, పాత కాగితం పెళుసవుతుంది. పైగా అమ్మ వంటల పుస్తకంలో పసుపు చేతి మరకలున్నాయి, ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది. ఆ మరకల్ని ఎవరూ తుడవలేదు, అందుకు ప్రత్యేకంగా దండం పెడుతున్నాం. ఆరిందా లేదా చూడ్డానికి రెండు పేజీలు కలిసే లోతులో చేతి వెనకభాగం ఆనించాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ఉత్తరాల్నీ ఫోటోల్నీ పాత దోమతెర మీద పరిచి ఆరబెట్టారు. ఫోటోల బొమ్మవైపు వేలు తగలనివ్వలేదు. అద్దానికి అతుక్కుపోయినవాటిని ఊడదీయకుండా అద్దంతో సహా ఉంచేశారు.

పేజీలు తిప్పుతూ ఆ పిల్లలు గమనించి చెప్పినవి మాకే కొత్త. కింది మూల బొటనవేలి నలుపు పట్టిన పుస్తకాలేవి, అతికి ఉన్న ఆకులు కత్తిరించకుండానే, అంటే చదవకుండానే మిగిలిపోయిన సెట్టేది, చివరి అట్ట మీద అరువిచ్చిన వాళ్ళ పేర్లలో కొట్టేయనివి ఏవి, అన్నీ రాసిచ్చారు. చదివిన పుస్తకాలన్నీ చేతికందే ఎత్తులో ఉన్నాయి, అతిథుల కంటికి ఆనేవి పైన ఉన్నాయి. ఆ వరస మేం మార్చబోం.

పిల్లల మాసపత్రికల బౌండ్లలో తుప్పు పిన్నులు తీసేసి పెద్దాయన నూలుదారంతో కుట్టారు. మైదా బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం బైండర్ల అలవాటు. అందులోని రాగి కాలక్రమాన కాగితాన్ని తినేస్తుంది కాబట్టి ఆయన ఆ బంకని బయటి అట్టలకే వాడి, లోపలి చిరుగులకి ఉత్త మైదా బంక వేశారు. సెల్లోటేపు దగ్గరికి కూడా రానివ్వలేదు.

అలమరలో వస్తువులు చాలామటుకు క్షేమం. పుస్తకాలకి ఆనుగా పెట్టిన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్కలకీ మార్కాపురం పలకకీ తడిగుడ్డ చాలింది. ఉదయగిరి చెక్క గరిటెలు నీడనే మెల్లగా ఆరాయి, తొందరపెడితే పగిలేవి. గూడూరు అభ్రకం దిమ్మలో పొరల మధ్య నీళ్ళు చేరాయి, విప్పకుండా వదిలేశాం.

వడ్రంగి అన్న అలమరని గోడకి రెండు అంగుళాలు ఎడంగా, కింది అర నేలకి అడుగున్నర పైన ఉండేలా మళ్ళీ నిలబెట్టారు. గోడకి ఆనిస్తే చెమ్మ లాగుతుంది, చెదలు ఎక్కినా మట్టిదారి కనబడదు.

కోల్డ్ స్టోరేజీలో ఇంకా కొన్ని ట్రేలున్నాయి. బటర్ పేపర్ చుట్టలూ తెల్ల న్యూస్‌ప్రింటూ మా దగ్గర మిగిలాయి. ఈ వానల్లో ఎవరి పుస్తకాలైనా తడిసుంటే అడగండి, ఇచ్చేస్తాం. రెండు రోజులు దాటకముందే అడగండి.