మారిషస్‌ను సగమే చూపిస్తున్నారు

సంపాదకులకు,

చిన్న దేశం విదేశీ వ్యాపారానికి తలుపులు బార్లా తెరిస్తే చాలు, అభివృద్ధి నడుచుకుంటూ వస్తుందని వాదించేవాళ్లు మారిషస్‌ను చూపిస్తుంటారు. నిజమే, 1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడ ఎగుమతులంటే దాదాపు చక్కెరే. 1970లో ఎగుమతి పరిశ్రమల కోసం ప్రత్యేక చట్టం తెచ్చారు. బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి, వేలమంది ఆడవాళ్లు జీతం చూశారు. కానీ అదే దేశం దిగుమతులపై భారీ సుంకాలు చాలాకాలం ఉంచిందన్న సంగతి వీళ్లు ఎందుకో వదిలేస్తారు! పైగా దాని చక్కెరను యూరప్ ప్రపంచ మార్కెట్ కన్నా ఎక్కువ ధరకు కొనేది. ఆ లాభంలో కొంత ఫ్యాక్టరీలకు పెట్టుబడి అయింది.

ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు కొనాలో ధనిక దేశాలు పెట్టుకున్న పరిమితులు, అంటే కోటాలు, 2005లో పోయాయి; పెద్ద దేశాల పోటీ మారిషస్ మీద పడింది. ఆ వెంటనే యూరప్ చక్కెర ధర కోసింది. టూరిజం, బ్యాంకింగ్ అప్పటికే ఉన్నాయి కాబట్టి మారిషస్ తట్టుకుంది. 1970ల్లో రాగి ధర పడిపోయినప్పుడు రాగి ఎగుమతుల మీదే బతికిన ఆఫ్రికా దేశం జాంబియాకు అలాంటి ఆసరా లేదు.

– ఓ పాఠకుడు