నచ్చిన పనివాడి పంథాలో కత్తి

సంపాదకుడు గారికి నమస్కారం.

చేతితో కత్తులు చేసేవాళ్ల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. పేరున్న పనివాళ్ల పంథాలో కత్తి చేస్తే అది వట్టి కాపీ అని అందులో కొట్టిపారేశారు. నేను ఒప్పుకోను. అసలు ఈ పని ఒకరి నుంచి ఇంకొకరికి వచ్చిందే అలాగ.

1930ల్లో అమెరికాలో ఒక సరస్సు దగ్గర ఎవరో పడవకున్న పెయింటును కత్తితో గీకుతుంటే బో రాండల్ చూశాడు, అంత మొరటు పని చేసినా ఆ కత్తికి ఏమీ కాలేదు, అది విలియం స్కాగెల్ అనే పనివాడు చేసిన కత్తి. దాన్ని కొనుక్కుని, అలాంటిది తనూ చేయాలని మొదలుపెట్టిన రాండల్ తర్వాత ఎంత పేరు తెచ్చుకున్నాడో ఈ పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 1950ల్లో బాబ్ లవ్‌లెస్ అనే నావికుడు న్యూయార్క్‌లో రాండల్ కత్తి కొనబోతే నెలల తరబడి ఆగాలన్నారు. ఆయన ఆగకుండా పాత కారు కమాను పట్టీతో సొంతంగా ఒకటి చేసుకున్నాడు. ఇవాళ ఎక్కువమంది అనుసరించేది ఆ లవ్‌లెస్‌నే.

నేనూ ఇప్పుడు ఆయన పంథాలోనే ఒక వేట కత్తి చేస్తున్నాను. దాని వెన్ను, అంటే పదును లేని పై అంచు, మొన వైపు మెల్లగా కిందికి వాలుతుంది, ఇది అందం కోసం పెట్టింది కాదు, చర్మం ఒలిచేటప్పుడు మొన లోపల పేగులకు గుచ్చుకోకుండా ఉండటానికి. పిడి లోపలి ఉక్కు చివరికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, దాంతో వెనక బరువు తగ్గి కత్తి చేతిలో తూకంగా నిలుస్తుంది. ఫొటో చూసి గీత గీసుకోవచ్చు కానీ ఇలాంటివి చేస్తేనే అర్థమవుతాయి. పిడి చెక్కలను బిగించే రివెట్ల రంధ్రాలు ఆ ఉక్కును సన్నం చేయకముందే వేసుకోవాలి, తర్వాతైతే అది డ్రిల్లు కింద ఏటవాలుగా కూర్చుని రంధ్రం వంకర పోతుంది. ఆ సన్నం చేసిన రెండు వైపులూ తిన్నగా రాకపోతే పిడి చెక్కల కింద సందు కనబడుతుంది, అక్కడే చాలామందికి టెన్షన్. ఇవన్నీ చేతికి పట్టుబడటాన్ని కాపీ అని ఎలా అంటాం?

అన్నీ ఆయనవే తీసుకోనక్కర్లేదు కూడా. ఆయన ప్రచారంలోకి తెచ్చిన 154సీఎం అనే రకం ఉక్కును కాల్చి గట్టిపరచాలంటే వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కచ్చితంగా అదుపులో ఉండాలి. నేను ఓ1 అనే ఇంకో రకం ఉక్కు వాడుతున్నాను, సుమారు 800 డిగ్రీలకు కాల్చి నూనెలో ముంచి, తర్వాత పెళుసుదనం తగ్గడానికి 200 డిగ్రీల దగ్గర మళ్లీ వేడిచేస్తే ఇంట్లో చేసుకునే కత్తికి చాలినంత గట్టిగా ఉంటుంది. పిడి నా అరచేతి కొలతకే.

తప్పు ఎక్కడంటే, వాళ్ల పేరు, ముద్ర మన కత్తి అలుగు మీద కొట్టుకోవడం. లవ్‌లెస్ పేరుతో నకిలీ కత్తులు అమ్మినవాళ్లు ఉన్నారు, అది పచ్చి మోసం, దాన్ని ఎంత తిట్టినా తక్కువే. కానీ తన పద్ధతులు దాచుకోకుండా పదిమందికీ నేర్పిన మనిషి పంథాలో చేసి, సొంత ముద్ర వేసి, ఎవరిని చూసి చేశానో పైకే చెప్పేవాణ్ణి ఆ మోసగాళ్ల గాటన కట్టకండి. ఈసారి ఇలాంటి కత్తి ఫొటో వేసేటప్పుడు అలుగు మీద ఎవరి పేరుందో కూడా దాని కింద రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు