సెలవుల లేఖ: కెంట్ తీరంలో చిన్న పొగబండి ప్రయాణం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ టర్మ్ తెలుగు తరగతులు వచ్చే వారంతో ముగుస్తున్నాయి. సెలవుల్లో పిల్లలతో ఒక్కరోజులో వెళ్ళిరాగల చోటు చెప్పమని చాలామంది అడిగారు. పది పేర్లు ఇచ్చే బదులు ఈసారి ఒక్క చోటు గురించే వివరంగా రాస్తున్నాను. ఇంగ్లండ్ ఆగ్నేయాన ఉన్న కెంట్ తీరంలో హైథ్ నుంచి డంజనెస్ దాకా నడిచే రామ్నీ, హైథ్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వే అది.

పట్టాల మధ్య దూరం 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. మన సికింద్రాబాద్, విజయవాడ లైన్లలో అది 1676. పార్కులో గుండ్రంగా తిరిగే ఆటబండి అనుకోకండి. ఇది పదమూడున్నర మైళ్ళ పొడవున, స్టేషన్లు, సిగ్నళ్ళు, రైల్వే గేట్లతో టైంటేబుల్ ప్రకారం నడిచే అసలైన రైలు. 1977 నుంచి 2015 దాకా చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు ఈ బండిలోనే బడికి వెళ్ళివచ్చారు. కార్ల పందేల్లో పాల్గొనే ఇద్దరు మిత్రులు, కెప్టెన్ హోవీ, కౌంట్ జ్బొరావ్‌స్కీ, దీన్ని తలపెట్టారు. రెండు ఇంజన్లకు ఆర్డరిచ్చాక జ్బొరావ్‌స్కీ 1924లో ఇటలీలోని మోంజా పందెంలో చనిపోయారు. హోవీ పని ఆపలేదు. హెన్రీ గ్రీన్లీ ఇంజన్లకూ లైనుకూ రూపకల్పన చేశారు. లైను ఇంకా పూర్తికాక ముందే, 1926 ఆగస్టులో, తర్వాత ఆరో జార్జి రాజైన డ్యూక్ ఆఫ్ యార్క్ ఇక్కడికి వచ్చి 'నార్తర్న్ చీఫ్' ఇంజనును స్వయంగా నడిపారు. ప్రయాణికులకు 1927 జూలై 16న తెరిచారు. 'నార్తర్న్ చీఫ్' ఇప్పటికీ ఉంది.

నేను ముఖ్యంగా చెప్పదలచింది ఒక్కటే. బండి ఎక్కే ముందు కనీసం అరగంట ఇంజను పక్కన గడపండి. పెద్ద ఆవిరి ఇంజను ముందు నిలబడితే పిల్లలకు చక్రాలు తప్ప ఏమీ కనిపించవు. నిప్పు, నీళ్ళు, మీటలు అన్నీ వాళ్ళ తలకు ఎంతో పైన ఉంటాయి. ఇక్కడి ఇంజన్లు అసలు పరిమాణంలో సుమారు మూడోవంతు. బాయిలరు ఏడెనిమిదేళ్ళ పిల్లల కళ్ళకు ఎదురుగా ఉంటుంది. డ్రైవరు కూర్చునే చోటు ప్లాట్‌ఫాం మీద నుంచి వంగి చూస్తే పూర్తిగా కనిపిస్తుంది. ఆరో తరగతి పుస్తకంలో బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టినా అర్థంకాని సంగతి ఇక్కడ చూడగానే తెలుస్తుంది.

ఏం చూపించాలో చెప్తాను. ముందు నిప్పుగూడు. డ్రైవరు దాని తలుపు తీసి పార పెట్టినప్పుడు లోపల మంట రంగు గమనించమనండి. ఆ వేడి గాలి బాయిలరులోని గొట్టాల గుండా పోతూ చుట్టూ ఉన్న నీళ్ళను మరిగిస్తుంది. నీరు ఆవిరైతే మామూలు పీడనంలో దాదాపు 1,700 రెట్లు చోటు కావాలి. మూసిన బాయిలరులో అంత చోటు ఉండదు కాబట్టి పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడే సిలిండరులోని పిస్టన్‌ను ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి నెడుతుంది, ఆ కదలికే చక్రాలను తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరిని ఊరికే వదిలెయ్యరు. పొగగొట్టం కింద సన్నని మూతి గుండా పైకి చిమ్మిస్తారు. అది పైకి పోతూ పొగను కూడా లాక్కుపోతుంది, అందువల్ల నిప్పుకు గాలి అందుతుంది. బండి ఎంత కష్టపడితే మంట అంత రాజుకుంటుంది. పిల్లలు నోటితో చేసే ఛుక్ ఛుక్ చప్పుడు ఆ చిమ్మే ఆవిరిదే.

రెండు సిలిండర్ల ఇంజనుకు చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు ఛుక్‌లు వినిపిస్తాయి. ఇక్కడి ఇంజన్లలో ఎక్కువవాటికి పెద్ద చక్రాల వ్యాసం సుమారు 65 సెంటీమీటర్లు, చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. కాబట్టి బండి కదిలేటప్పుడు పిల్లలు ఛుక్‌లు లెక్కపెడితే ఎన్ని మీటర్లు వెళ్ళిందో చెప్పగలరు. ఇరవై ఛుక్‌లంటే పది మీటర్లు. వేగం గంటకు 25 మైళ్ళకు చేరితే సెకనుకు ఇరవైకి పైగా పడతాయి, అప్పుడు లెక్క అందదు. ఏడో తరగతి దాటిన పిల్లల చేత ఈ లెక్క కాగితం మీద చేయించండి.

డ్రైవరు ముందున్న గాజు గొట్టాన్ని తప్పకుండా చూపించండి. బాయిలరులో నీళ్ళు ఎంత ఉన్నాయో అది చెబుతుంది. నీళ్ళు తగ్గి నిప్పుగూడు పైకప్పు బయటపడితే ఆ రేకు కాలి మెత్తబడిపోతుంది. ఆవిరి బాయిలర్లు పేలిపోవడానికి పాతకాలంలో ఒక పెద్ద కారణం ఇదే. అందుకే ఆ పైకప్పులో త్వరగా కరిగే లోహపు బిరడా ఒకటి పెడతారు. అది కరిగితే ఆవిరి నిప్పు మీదికి వచ్చి ప్రమాదాన్ని ముందే చెప్పేస్తుంది. ఇక్కడ సాధారణంగా బొగ్గు వేసే ఫైర్‌మన్ వేరే ఉండరు. బొగ్గు, నీళ్ళు, వేగం, సిగ్నళ్ళు అన్నీ ఒక్క డ్రైవరే చూసుకుంటారు. కాబట్టి ప్రశ్నలు బండి ఆగి ఉన్నప్పుడే అడగనివ్వండి, బయలుదేరే ముందు ఐదు నిమిషాలు వదిలెయ్యండి.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇంజను ముందు భాగంలో, సిలిండర్ల పక్కన పిల్లల్ని నిలబెట్టకండి. చల్లని సిలిండరులోకి ఆవిరి వెళ్ళగానే కొంత నీరుగా మారుతుంది. నీటిని నొక్కితే కుదించుకోదు, పిస్టన్‌కు అడ్డుపడి సిలిండరు మూత పగలగొట్టగలదు. అందుకని బయలుదేరేటప్పుడు కింది కుళాయిలు తెరిచి ఆ నీళ్ళను బయటికి కొట్టిస్తారు. వేడి ఆవిరి బుస్సుమని పక్కలకు చిమ్ముతుంది. ఫొటో కోసం ముందుకు వెళ్ళేవాళ్ళు సరిగ్గా అక్కడే నిలబడతారు. ఇంకొకటి, పీడనం ఎక్కువైతే సేఫ్టీ వాల్వ్ ఒక్కసారిగా తెరుచుకుని పెద్ద శబ్దం చేస్తుంది. చప్పుళ్ళకు బెదిరే పిల్లలకు చెవులు కప్పే హెడ్‌ఫోన్లు తీసుకెళ్ళండి, ఈ శబ్దం వస్తుందని ఇంటి దగ్గరే చెప్పి ఉంచండి. చెప్పకుండా తీసుకెళ్తే కొందరు పిల్లలు ఆ తర్వాత ఇంజను దగ్గరికే రారు.

వాన పడితే ప్రయాణం మానుకోనక్కర్లేదు, మూసిన పెట్టెలున్నాయి. తడి పట్టాల మీద ఇంజను చక్రాలు పట్టు తప్పి గిర్రున తిరగడం మాత్రం వినిపిస్తుంది. ఛుక్‌లు ఒక్కసారిగా గబగబా పడి మళ్ళీ నెమ్మదిస్తాయి. డ్రైవరు ఆవిరి తగ్గించి చక్రాలకు పట్టు దొరికేదాకా ఆగుతారు. ఇందులో భయపడాల్సింది లేదు.

ఇంజనుకు దగ్గరి పెట్టెలో చప్పుడు బాగా వినిపిస్తుంది, నలుసులూ అక్కడే ఎక్కువ. తల బయట పెట్టనివ్వకండి. కంట్లో నలుసు పడితే నలపకుండా మంచినీళ్ళతో కడగాలి. పట్టుచీరలు, సింథటిక్ చున్నీలు వద్దు. నిప్పురవ్వ పడితే చిల్లు పడుతుంది, పెట్టె తలుపుల్లో కొంగు చిక్కుకుంటుంది. నూలు బట్టలు, పైన గాలి ఆపే కోటు మేలు. పెట్టెలు ఇరుకుగా ఉంటాయి, పొడుగువాళ్ళు మోకాళ్ళు ముడుచుకోవాలి. మడతపెట్టే చిన్న ప్రామ్ తీసుకెళ్ళండి. వీల్‌చెయిర్‌లో వచ్చే పెద్దవాళ్ళుంటే రైల్వేవాళ్ళకు ముందే ఫోన్ చేసి చెప్పాలి.

చేరుకోవడం ఇలా. కారులో అయితే ఎం20 మోటార్‌వే మీద 11వ జంక్షన్‌లో దిగి హైథ్‌కు రావాలి. రైలులో అయితే లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి హైస్పీడు బండి గంటలోపు ఫోక్‌స్టన్ చేరుస్తుంది, అక్కడి నుంచి బస్సో టాక్సీయో పట్టుకోవాలి. హైథ్‌లో పెద్ద రైలు స్టేషను లేదు. చిన్నబండి సంవత్సరమంతా రోజూ నడవదు, కొన్ని సర్వీసులకు డీజిల్ ఇంజను తగిలిస్తారు. ఆవిరి బండి కోసమే వెళ్తున్నాం కాబట్టి ఆ రోజు టైంటేబుల్ చూసుకుని ఆవిరి ఇంజనే ఉంటుందా అని అడిగి మరీ టికెట్ కొనండి.

హైథ్‌లోనే మొదలుపెట్టమంటాను. అక్కడ పట్టాలు ఆగిపోతాయి కాబట్టి వచ్చిన ఇంజనును విడదీసి, టర్న్‌టేబుల్ అనే తిరిగే వేదిక మీద తిప్పి, బండికి రెండో కొసన తగిలిస్తారు. ఇదంతా దగ్గర నుంచి చూడొచ్చు. డంజనెస్‌లో ఆ అవసరం లేదు, లైనే ఉంగరంలా చుట్టు తిరిగి వస్తుంది. ఎందుకు రెండు చోట్లా రెండు పద్ధతులో పిల్లల్నే చెప్పనివ్వండి. ఒకవైపు ప్రయాణం గంట దాటుతుంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని ఆశపెట్టకండి. చాలామటుకు ఒకపక్క ఇళ్ళ పెరళ్ళు, ఇంకోపక్క గొర్రెలు మేసే పచ్చిక ఉంటాయి. ఇసుకలో ఆడుకోవాలంటే డిమ్‌చర్చ్‌లో దిగాలి, తీరం నడక దూరమే. న్యూ రామ్నీలో ఇంజన్ల షెడ్డు, బొమ్మరైళ్ళ ప్రదర్శన ఉన్నాయి.

డంజనెస్ తీరమంతా గులకరాళ్ళు, ఇసుక లేదు. నీళ్ళలోకి దిగనివ్వకండి, ఒడ్డు దాటగానే లోతు, ప్రవాహం బలంగా ఉంటుంది. రాళ్ళ మధ్య మొలిచే మొక్కలు రక్షిత ప్రాంతంలోవి, పీకకూడదు. అక్కడి చెక్క ఇళ్ళలో మనుషులుంటారు, కంచెలు లేవని లోపలికి వెళ్ళకండి. 1904 నాటి పాత లైట్‌హౌస్ తెరిచి ఉంటే 169 మెట్లెక్కి చూడండి, రైలు తిరిగే ఉంగరమంతా పైనుంచి కనిపిస్తుంది. పులిహోర, దద్దోజనం డబ్బాలు బెంచీ మీద తెరిచి పెట్టకండి, సముద్రపు కాకులు తన్నుకుపోతాయి.

ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఇంట్లో ఉంటే వాళ్ళనూ తీసుకెళ్ళండి. శ్రీకాకుళం వైపువాళ్ళకు నౌపడా–గుణుపూర్ చిన్నలైను గుర్తుండే ఉంటుంది. దాని వెడల్పు 762 మిల్లీమీటర్లు, సరిగ్గా దీనికి రెట్టింపు. పొగబండి రోజుల సంగతులు పిల్లలు వాళ్ళనే అడగాలి.

సెప్టెంబరు మొదటి తరగతికి నాలుగో స్థాయి, ఆపై పిల్లలు ఇంజను బొమ్మ గీసి కనీసం ఆరు భాగాల పేర్లు తెలుగులో రాసుకు రావాలి. చిన్నపిల్లలకు బొమ్మ ఒక్కటి చాలు. వెళ్ళడం కుదరనివాళ్ళకు మొదటి వారం తరగతిలోనే పెద్ద బొమ్మ పెట్టి నేర్పిస్తాం, దీనికోసం ఎవరూ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు