ఆ ప్రశ్నకు ఇక జవాబు చెప్పను

రాజమహేంద్రవరం

బంగారు తల్లీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకుండా మాట మార్చాను. నీకు కోపం వచ్చే ఉంటుంది. "నేను ఎవరినీ మెట్రో పట్టాల మీదకు తోసెయ్యను కదా అమ్మా?" అని నువ్వు అడగడం, "తొయ్యవు తల్లీ" అని నేను అనడం మనకు రోజూ అలవాటైపోయింది. ఇకమీదట ఆ మాట నేను అనను. ఎందుకో ఫోన్‌లో చెప్పబోతే మధ్యలో మళ్ళీ అదే ప్రశ్న వేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నీకు మూడో నెల నడుస్తుండగా అమ్మమ్మ వాళ్ళింట్లోనే ఉన్నాను. ఒకరోజు కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. పక్కన చాప మీద నువ్వు కాళ్ళు ఆడిస్తున్నావు. ఉన్నట్టుండి, ఈ కత్తిపీటతో నా బిడ్డను నేనే ఏమైనా చేసేస్తే, అన్న ఆలోచన వచ్చింది. ఒళ్ళంతా చల్లబడిపోయింది. లేచి వెళ్ళి కత్తిపీటను అటక మీద పెట్టేశాను. ఆ తర్వాత నీకు నీళ్ళు పోయడానికి భయం, నీతో గదిలో ఒంటరిగా ఉండాలంటే భయం. అమ్మమ్మ దిష్టి తీసింది. చుట్టాలు తాయెత్తు తెచ్చి కట్టారు. అసలు విషయం మీ నాన్నకు కూడా చెప్పలేదు. చెబితే నిన్ను నా దగ్గర నుంచి తీసేసుకుంటారనుకున్నాను.

నువ్వు బడిలో చేరే వయసు వచ్చాక గానీ కాకినాడలో ఒక మానసిక వైద్యుడి ముందు నోరు విప్పలేకపోయాను. చెప్పేసి తల దించుకుని కూర్చున్నాను. ఆయన ఉలిక్కిపడలేదు. ఇది ఓసీడీ అనే మానసిక జబ్బు అన్నారు. నేను నమ్మలేదు. ఓసీడీ అంటే చేతులు పదేపదే కడుక్కోవడమో, తాళం వేశామో లేదో చూసుకోవడమో అనుకునేదాన్ని. వద్దనుకున్న ఆలోచన తోసుకుని రావడం, దానికి మనిషి హడలిపోవడం కూడా ఈ జబ్బేనని, బాలింతల్లో ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయని ఆయన చెప్పారు. ఎవరిని ఎంత ఎక్కువ ప్రేమిస్తే వాళ్ళ గురించి అంత భయంకరమైన ఆలోచనలు వస్తాయట. దేవుడంటే ప్రాణం పెట్టేవాళ్ళకు గుళ్ళో బూతులు తోస్తాయట.

ఇంకొకటి కూడా చెప్పారు. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు పరిశోధకులు ఏ జబ్బూ లేని మామూలు మనుషులను అడిగి చూస్తే, పదిమందిలో ఎనిమిది మంది తమకూ ఇలాంటి పిచ్చి ఆలోచనలు వస్తాయని ఒప్పుకున్నారట. వాళ్ళకు వస్తాయి, పోతాయి. మనం మాత్రం వాటిని పట్టుకుని నిలదీస్తాం. ఎందుకు వచ్చావు, నేను అలాంటిదాన్నా అని అడుగుతాం. రాకూడదని పంతం పడతాం. కోతిని తలచుకోకుండా మందు తాగమన్నట్టే ఉంటుంది ఆ పంతం.

ఇప్పుడు నీ సంగతి చూడు. నీదీ అదే జబ్బు. మెట్రో ప్లాట్‌ఫాం మీద గోడకు ఆనుకుని నిలబడుతున్నావు. రైలు వెళ్ళాక వెనక్కి వచ్చి పట్టాల వైపు చూస్తున్నావు. రాత్రి పడుకోబోయే ముందు ఆ స్టేషన్‌లో ఏదైనా ప్రమాదం జరిగిందేమోనని వార్తలు వెతుకుతున్నావు. అప్పుడు నాకు ఫోన్ చేస్తున్నావు. నా జవాబుతో నీకు వచ్చే నెమ్మది హాస్టల్లో దీపాలు ఆర్పేవరకైనా నిలవడం లేదు కదా! "నాకు తెలియకుండా తోసి మర్చిపోయానేమో" అని అదే ప్రశ్న వేషం మార్చుకుని వస్తోంది. నేను ఇచ్చే ప్రతి భరోసా ఆ జబ్బుకు ఒక ముద్ద. దానికి తిండి పెట్టడం మానేద్దామని మీ థెరపిస్టు చెప్పింది కూడా అందుకే.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన ఇద్దరు రోగుల గురించి రాశాడు. భయపడే వస్తువు దగ్గరికే వాళ్ళను తీసుకెళ్ళి, ఆ తర్వాత చేసుకునే తంతును మాత్రం చెయ్యనివ్వలేదు. భయం పెరిగింది, కాసేపు నిలిచింది, తర్వాత దానంతట అదే తగ్గింది. ఇవాళ నీకు చేయిస్తున్నదీ అదే. ముందు ఖాళీ ప్లాట్‌ఫాం, తర్వాత జనం ఉన్న వేళ, ఆ తర్వాత వార్తలు వెతక్కుండా పడుకోవడం. నేనూ అటక మీది కత్తిపీటను దించుకుని, నిన్ను పక్కనే కూర్చోబెట్టుకుని బెండకాయలు తరిగాను. మొదటి రోజు చేతులు వణికాయి. ఆ వణుకుతోనే కూర అయ్యింది.

మందుల గురించి కూడా భయపడకు. ఓసీడీకి మామూలు డిప్రెషన్‌కు ఇచ్చేదాని కంటే ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు. గుణం సరిగ్గా తెలియడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. వారం రోజులకే పని చెయ్యడం లేదని మానెయ్యకు. తేడాగా అనిపిస్తే డాక్టరును అడుగు, నీ అంతట నువ్వు ఆపకు. మీ బెంగళూరులోనే ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. ఎప్పుడైనా రెండో అభిప్రాయం కావాలంటే అక్కడికి వెళ్దాం. మరీ బతకాలనిపించని రాత్రి వస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. నేను దొరక్కపోతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలీ మానస్ 14416కు చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

పూర్తిగా పోతుందా అని అడిగావు. నాకు ఆ ఆలోచనలు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాయి. అమ్మమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు బాగా పెరిగితే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కానీ నేను నిన్ను పెంచాను. నీకు నీళ్ళు పోశాను, తల దువ్వాను, ఎన్నో రాత్రులు నిన్ను పక్కలో పడుకోబెట్టుకున్నాను. ఆలోచన ఉండగానే ఇవన్నీ చేశాను. నువ్వు కూడా అది పోయేదాకా ఆగక్కర్లేదు. కాలేజీకి వెళ్ళు, స్నేహితులతో సినిమాకు వెళ్ళు.

ఇకమీదట నువ్వు ఆ ప్రశ్న అడిగితే, "నీకు భయంగా ఉందని తెలుసు తల్లీ, దీనికి నేను జవాబు చెప్పను, ఫోన్ మాత్రం పెట్టను" అంటాను. తిట్టుకో, ఏడువు, ఏమైనా చెయ్యి, వింటాను. తర్వాత భోజనంలో ఏం పెట్టారో చెప్పు.

వచ్చే నెల శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. సున్నుండలు తెస్తాను. మీ థెరపిస్టును ఒక మాట అడిగి ఉంచు. ఆమె సరేనంటే, సాయంత్రం రద్దీ వేళ మెట్రోకు వెళ్దాం. ప్లాట్‌ఫాం మీద నేను ముందు నిలబడతాను, నువ్వు నా వెనకాల నిలబడు.

ప్రేమతో,
అమ్మ