పెట్టెకు తగిలిన మూగదెబ్బ

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ కుమార్‌పల్లిలో ఎనిమిదేళ్లుగా ఇడ్లీ, దోశ పిండి రుబ్బి అమ్ముతున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి గ్రైండర్ మొదలైతే ఏడు దాకా ఆగదు. మూడు చిన్న హోటళ్లు, బండ్ల మీద టిఫిన్లు అమ్మే పదిమంది దాకా నా పిండితోనే పొయ్యి వెలిగిస్తారు. మొన్న మాఘమాసంలో నాకు జరిగిన నష్టాన్ని మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. లారీలో వచ్చిన సరుకును విప్పి చూడనివ్వకుండానే ‘మంచి స్థితిలో అందినది’ అన్న కాగితం మీద సంతకం తీసుకునే అలవాటు మన ఊళ్లో పాతుకుపోయింది. దాన్ని ఆపాలన్నదే నా విన్నపం.

పాత గ్రైండర్ రాయి అరిగిపోవడంతో పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కోయంబత్తూరు నుంచి పది లీటర్ల గ్రైండర్ తెప్పించుకున్నాను. ధర 36,500 రూపాయలు, లారీ కిరాయి 1,850. తొమ్మిదో రోజు మధ్యాహ్నం వరంగల్ గోడౌన్ నుంచి ట్రాలీ ఆటోలో వచ్చింది. గట్టి చెక్కపెట్టె, చుట్టూ ఇనుప పట్టీలు, పైకి ఎక్కడా దెబ్బ లేదు. ‘అక్కా, సంతకం పెట్టండి, ఇంకా ఆరు చోట్లకు వెళ్లాలి’ అన్నాడు ఆటో అబ్బాయి. విప్పి చూశాక పెడతానంటే, ముందు సంతకం తీసుకోమని ఆఫీసులో చెప్పారన్నాడు. ఎండలో నిలబడి ఉన్నాడు, వెనక వీధిలో బండ్లు ఆగిపోయాయి. పెట్టాను.

సాయంత్రం మేకులు ఊడదీసి చూస్తే స్టీలు తొట్టి అద్దంలా ఉంది. కొత్త రాయి కదా అని నీళ్లు పోసి కడిగి ఆరబెట్టాను. రాయంతా ఆరి తెల్లబడింది గాని, అంచు నుంచి మధ్య గుంట దాకా వెంట్రుకంత సన్నని నల్లగీత మాత్రం తడిగానే మిగిలింది. తుడిచాను, పోలేదు. వేలితో తడిమితే ఏమీ తెలియడం లేదు. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తాం కదా, అలాగే కొట్టి చూశాను. ఒకవైపు ఖంగుమంది. గీత దగ్గరికి వచ్చేసరికి బొంగురుగా పలికింది. నా గుండె అక్కడే జారిపోయింది. గుప్పెడు దొడ్డుబియ్యం వేసి తిప్పితే, తిరిగిన ప్రతి చుట్టుకూ టక్కుమని ఒక చప్పుడు. మర్నాడు మట్టెవాడ నుంచి మెకానిక్ వచ్చి చూసి, ఇరుసు వంగిందని, ఎత్తు నుంచి ఒక పక్కకు పడితే తప్ప ఇలా వంగదని చెప్పాడు.

పడిందనడానికి గుర్తు పెట్టె అడుగునే దొరికింది. మిగతా మేకుల తలలన్నీ తుప్పు రంగులో ఉంటే, అడుగున ఒక మూల నాలుగు మేకులు మాత్రం కొత్త రూపాయి బిళ్లల్లా మెరుస్తున్నాయి. ఆ మూల చెక్క కూడా వేరే రకం. దారిలో ఎక్కడో ఆ మూల విరిగింది. ఎవరో వేరే చెక్క వేసి, మేకులు కొట్టి, ఏమీ జరగనట్టు ముందుకు పంపారు. పెట్టె పడిపోవడం కన్నా ఆ నాలుగు మేకులే నన్ను ఎక్కువగా బాధపెట్టాయి. పడిందని తెలిసిన మనిషి ఒకరున్నారు. ఆ సంగతి ఒక్క ముక్క రసీదు మీద రాసి ఉంటే నేను సంతకం పెట్టేదాన్ని కాదు.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళితే ‘సంతకం పెట్టారు కదమ్మా’ అన్నారు. కోయంబత్తూరుకు ఫోను చేస్తే ‘మా గేటు దాటేదాకా బాగానే ఉంది’ అన్నారు. రెండు మాటల మధ్య మూడు వారాలు గడిచాయి. పెళ్లిళ్ల రోజుల్లో వచ్చిన బేరాలు వదులుకున్నాను. అద్దె గ్రైండర్‌తో హోటళ్లకు మాత్రం ఎలాగో పిండి అందించగలిగాను.

నా దగ్గర రోజూ పిండి తీసుకునే ఒక వకీలుగారు చెప్పేదాకా ఇందుకు ఒక చట్టం ఉందని నాకు తెలియదు. 1865 నాటి పాత చట్టాన్ని తీసేసి 2007లో రోడ్డు రవాణాకు కొత్త చట్టం చేశారు. 2011 మార్చి నుంచి అది అమలులో ఉంది. దాని ప్రకారం ప్రకృతి వైపరీత్యం, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ ఆంక్షలు, జప్తు వంటివి తప్ప, తన చేతిలో ఉండగా సరుకుకు కలిగిన నష్టానికి రవాణాదారుదే బాధ్యత. దావా వేయాలంటే మాత్రం ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అందుకు గడువు 180 రోజులు. ఆ లెక్క సరుకు మన ఇంటికి చేరిన రోజు నుంచి కాదు, అక్కడ బుక్ చేసిన రోజు నుంచి మొదలవుతుంది. దారిలో, గోడౌన్లో నెల రోజులు మగ్గిన సరుకుకు ఆ నెల కూడా గడువులో కరిగిపోతుంది. ఫోనులో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా అది నోటీసు కిందికి రాదు. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. పంపేటప్పుడు సరుకు విలువ ఎక్కువని రాయించి, అందుకు తగిన అదనపు కిరాయి కట్టకపోతే, పరిహారం కిరాయికి పది రెట్లు దాటదు. నా కిరాయి 1,850 కాబట్టి 18,500 దగ్గర గీత గీశారు. ఆ కాగితం రాసేది కోయంబత్తూరులో, నష్టం మోసేది హనుమకొండలో. అందుకే డబ్బు పంపేటప్పుడే ‘విలువ రాయించండి, అదనపు కిరాయి నేనే కడతాను, బీమా కూడా చేయించండి’ అని అమ్మేవారికి చెప్పాలి. రసీదు వెనక సన్న అక్షరాల్లో ‘ఓనర్స్ రిస్క్’ (నష్టం వస్తే సరుకు యజమానిదే భారం) అని ఉంటే దిక్కులేదనుకోవద్దు. ఆ మాట రాసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం నుంచి రవాణాదారు తప్పించుకోలేడని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

నేను నలభై ఒకటో రోజున నోటీసు పంపాను. గీత కనిపించే ఫొటోలు, టక్కుమనే చప్పుడు వినిపించే వీడియో, మెకానిక్ చేతిరాత, ఆ నాలుగు మేకుల ఫొటో జత చేశాను. పెట్టె చెక్కలు ఒక్కటి కూడా పారేయలేదు. నెల తిరిగాక 18,500 రూపాయల చెక్కు వచ్చింది. కొత్త రాయి, ఇరుసు, వాటి కిరాయి, మెకానిక్ కూలి కలిపి నాకు అయిన ఖర్చు 22,400. పోయిన మూడు వారాల బేరం ఏ లెక్కలోకీ రాలేదు. వారు ఇవ్వకపోయి ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేదాన్ని. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొనుక్కున్న వస్తువైతే వ్యాపారమన్న పేరుతో మనల్ని పక్కన పెట్టరు. మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు.

మా వీధిలో అద్దాల దుకాణం నడిపే బాబాయిని చూస్తే ఇదంతా నాకు ఇంత ఆలస్యంగా తెలిసిందే అనిపిస్తుంది. ఆయన ముప్పై ఏళ్లుగా ట్రాలీ మీద ఉండగానే పెట్టెను కదిపి వింటాడు, అడుగు భాగం తిప్పించి చూస్తాడు. విప్పనివ్వకపోతే రసీదు రెండు ప్రతుల మీదా ‘లోపల చూడకుండా తీసుకున్నాను’ అని తన చేత్తో రాసి, తేదీ, సమయం వేసి, ఆ తరువాతే సంతకం పెడతాడు. ఆ మాట రాస్తే సరుకు ఇవ్వకుండా తీసుకుపోయినవారు ఇంతవరకు లేరట. కొత్తవాడలో జంపఖానాలకు నూలు, రంగులు తెప్పించుకునేవారు, ములుగు రోడ్డు మీద మోటార్లు తెప్పించుకునేవారు, ఇంటికి ఫ్రిజ్ తెప్పించుకునేవారు అందరూ ఈ ఒక్క వాక్యం నేర్చుకుంటే చాలా గొడవలు మొదట్లోనే తేలిపోతాయి.

ఇది చదివి హమాలీల మీద కోపం తెచ్చుకోవద్దని వేడుకుంటున్నాను. నా గ్రైండర్ నలుగురు కలిస్తే గాని లేవదు. ఎత్తడానికి యంత్రం లేని గోడౌన్లో, రాత్రి రెండింటికి, పెట్టెకు ఇంత అని కూలి ఇచ్చి దింపిస్తే ఏదో ఒకటి చేయి జారుతుంది. తప్పంతా దాన్ని దాచి మేకులు కొట్టించే పద్ధతిదే.

రైల్వేలో ఇంతకన్నా మేలైన ఏర్పాటు ఉంది. సరుకు దెబ్బతిన్నట్టో, ఎవరో తెరిచినట్టో కనిపిస్తే, విప్పి చూపించి అప్పగించమని అడిగే హక్కు 1989 రైల్వే చట్టంలోనే రాసి ఉంది. కాజీపేటలో పార్శిల్ దించుకునేవారికి ఉన్న ఆ భరోసా, కొద్ది కిలోమీటర్ల దూరంలో లారీ సరుకు దించుకునే నాకు ఎందుకు ఉండకూడదు? పైగా నా పెట్టెలాంటి వాటికి పైకి ఏ గుర్తూ ఉండదు. మూగదెబ్బ తిన్న మనిషిని చూసి ‘రక్తం కారలేదు కదా’ అంటే ఎలా?

రవాణా సంస్థలు రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సింది రవాణా శాఖ అధికారుల దగ్గరే. వారికి నా విన్నపం ఇది. వరంగల్, హనుమకొండలోని ప్రతి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గోడ మీద 180 రోజుల గడువు, పది రెట్ల పరిమితి తెలుగులో, పెద్ద అక్షరాలలో రాయించండి. అప్పగింత కాగితం మీద ‘విప్పి చూశాను’, ‘విప్పి చూడలేదు’ అని రెండు గడులు పెట్టించండి. దారిలో పెట్టె పగిలి మళ్లీ బిగిస్తే ఆ సంగతి రసీదు మీద నమోదు చేసి తీరాలని ఆదేశించండి. ఆ నాలుగు మేకులు డబ్బాలో వేసి ఉంచాను. ఏ అధికారి అయినా చూడాలంటే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
పిండి దుకాణం నడిపే ఒక పాఠకురాలు,
కుమార్‌పల్లి, హనుమకొండ.